చిలుక కాదని ధ్రువీకరణ పత్రం

మా సంఘం పూర్తి పేరు శ్రీ వైభవ టవర్స్ చిలుకల పెంపకందారుల సంక్షేమ, క్రమశిక్షణ మరియు సాంస్కృతిక సంఘం. ఈ పేరు పెట్టడానికి మూడు సమావేశాలు పట్టింది. మొదటి సమావేశంలో సంక్షేమం చాలన్నారు. రెండోదానిలో క్రమశిక్షణ లేని సంక్షేమం ప్రమాదకరమన్నారు. మూడోదానిలో బజ్జీలు బాగా కుదరడంతో అందరూ ఉత్సాహపడి సాంస్కృతికం కూడా చేర్చారు. కార్యదర్శిగా మూడు సమావేశాల మినిట్సూ నేనే రాశాను.

నా పేరు వాకాడ భీమశంకరం. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. కాగితం మీద లేనిది లోకంలో కూడా లేదని నమ్మే మనిషిని.

సంఘం ఎందుకు పుట్టిందో ముందు చెప్పాలి. కాకినాడలో మా వైభవ టవర్స్ అంటే ఐదు బ్లాకులు, రెండువందల నలభై ఫ్లాట్లు. ఒకరోజు సి బ్లాకు కుక్క ఒకటి టవర్స్ మెయిన్ కమిటీ అధ్యక్షుడి స్కూటరు సీటు కొరికింది. ఆ వారంలోనే కమిటీ కుక్కల్నీ పిల్లుల్నీ నిషేధించి, అదే ఊపులో చిలుకల్నీ కలిపేసింది. చిలుకలున్న ఇరవై రెండు కుటుంబాలకు గుండెల్లో రాయి పడింది. అంతవరకూ మేము లిఫ్టులో ఎదురుపడితే అంకెలు చూసేవాళ్ళమే గాని మొహాలు చూసుకున్నవాళ్ళం కాదు. ఇప్పుడు అందరం కలిసి కమిటీ దగ్గరికి వెళ్ళాం. "సంఘం పెట్టుకోండి. మీ సంఘంలో సభ్యత్వం ఉన్న చిలుక ఉండొచ్చు, లేని చిలుక ఉండకూడదు. ఏ గొడవొచ్చినా పూచీ మీ సంఘానిదే" అంది కమిటీ.

మొదటి రెండు నెలలూ హాయిగా గడిచాయి. ఆదివారం సాయంత్రం అందరం పంజరాలు పట్టుకుని టెర్రస్ మీదికి చేరేవాళ్ళం. మన రామచిలుకని పంజరంలో పెట్టడం నేరం కాబట్టి మావన్నీ పరదేశపు జాతులే, అన్నిటికీ కాగితాలున్నాయి. ఎవరింట్లో జామకాయ కోసినా తలా ముక్కా పంచేవారు. ఊరెళ్ళేవాళ్ళు పంజరం పక్కింట్లో పెట్టి నిశ్చింతగా వెళ్ళేవారు. ఒకళ్ళ చిలుక ఈకలు పీక్కుంటే నలుగురు నాలుగు చిట్కాలు చెప్పేవారు.

ఆ తర్వాత అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నాం.

ముదునూరి రామభద్రరాజు గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసినవారు. నీలం, పసుపు కలిసిన పెద్ద మకావ్ చిలుక ఉండేది ఆయనకి. పేరు దివాన్. రాజుగారు ఇంట్లో కూడా ఆఫీసు భాషే మాట్లాడతారు కాబట్టి దివాన్‌కి వచ్చిన మాట ఒక్కటే, "ఫైలు పెట్టండి." మా ఇంటి కాకటీల్ చిలుకకీ ఒక్క మాటే వచ్చు, "రేపు రండి." అది నేను నేర్పింది కాదు. రిటైరయ్యాక కూడా ఎవరు ఫోను చేసినా నా నోటివెంట అదే వస్తుంటే విని పట్టుకుంది. రెండు పంజరాలూ పక్కపక్కన పెడితే చాలు. ఒకటి ఫైలు పెట్టమనేది, రెండోది రేపు రమ్మనేది. వింటున్నవాళ్ళు తమ పాత పనులేవో గుర్తొచ్చి నిట్టూర్చేవారు.

ఇలా ఉండగా ఎ బ్లాకు పంపన రత్నాజీ గారు చంకలో నాటుకోడిని పెట్టుకుని సభ్యత్వం కోసం వచ్చారు.

"రత్నాజీ గారూ, ఇది కోడండీ" అన్నాను.

"కోడి కాదని నేనన్నానేంటండీ? దీనికీ ముక్కుంది, రెక్కలున్నాయి. మీ చిలకలు చేసే పనేదో చెప్పండి, ఇది చెయ్యలేకపోతే అప్పుడు మాటాడదాం. పైగా గుడ్లు పెడద్దండి ఇది."

రాజుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన అద్దాలు తుడుచుకున్నారంటే నిబంధన ఒకటి పుడుతోందని అర్థం.

"సమస్య కోడిది కాదు భీమశంకరం గారూ, నిర్వచనానిది. చిలుక అంటే ఏమిటో మన నిబంధనావళిలో ఎక్కడా నిర్వచించబడలేదు. ఇది తీవ్రమైన లోపం. ఇవాళ కోడి వచ్చింది. రేపు బాతు వస్తుంది. ఎల్లుండి?"

ఎల్లుండి ఏమొస్తుందో ఎవరికీ తెలియదు గాని అందరం భయపడ్డాం. అక్కడికక్కడే ఉపసంఘం వేశాం. తెలుగు లెక్చరరుగా రిటైరైన యనమండ్ర కామేశ్వరి గారు అధ్యక్షురాలు. వంకర ముక్కు ఒక్కటే చాలదన్నారామె, గద్దకీ ఉంది కాబట్టి. ఆకుపచ్చ రంగంటే దివాన్ పనికిరాడు. మూడు వారాలు చర్చించి నిర్వచనం తేల్చారు: "చిలుక అనగా వంకర ముక్కు కలిగి, ఏ భాషలోనైనను కనీసము ఐదు పదములు స్పష్టముగా పలుకగల పక్షి." అందరం చప్పట్లు కొట్టాం. రత్నాజీ గారు కోడిని తీసుకుని వెళ్ళిపోయారు.

ఐదు పదాలు పలుకుతుందో లేదో తేల్చాలంటే పరీక్ష పెట్టాలి కదా. పెట్టాం.

కమ్యూనిటీ హాల్లో టేబుల్ వేసి, మీద పచ్చగుడ్డ పరిచి, వెనక కామేశ్వరి గారు కూర్చున్నారు. నేను రిజిస్టరు పట్టుకున్నాను. ఒక్కో కుటుంబమూ పంజరంతో రావడం, చిలుక మాట్లాడటం, నేను పదాలు రాయడం. కార్యవర్గ సభ్యుల పక్షులు ఉత్తీర్ణమైనట్టు భావించబడును అని ముందే తీర్మానించుకున్నాం గనక దివాన్‌కీ మా కాకటీల్‌కీ పరీక్ష లేదు.

మూడో నంబరుగా వచ్చిన చిలుక కోడలి గొంతుతో, "అత్తయ్య పడుకున్నారా? అయితే ఏసీ వెయ్యి" అంది. ఐదు పదాలూ స్పష్టంగానే ఉన్నాయి. అత్తయ్యగారు ముందు వరసలోనే కూర్చున్నారు. ఆరో నంబరు చిలుక, "మైసూర్‌పాకు ఎక్కడ దాచావే" అని మగగొంతుతో అడిగింది. ఆ ఇంటాయన షుగరు మూడువందలు. ఆయన భార్య ఒక్క మాటా అనకుండా పంజరం మీద తువ్వాలు కప్పి, ఆయన్ని వెంటబెట్టుకు వెళ్ళింది. తొమ్మిదో చిలుక "ఛీ" అంటే మార్కు ఇవ్వాలా వద్దా అని సందేహం వచ్చింది.

"ఛీ అవ్యయం. పదమే" అన్నారు కామేశ్వరి గారు.

"మరి థూ అంటేనండీ?" అడిగారు చిలుక యజమాని, ఆశగా.

"అదీ అవ్యయమే. కానీ ఉమ్మితే లెక్కలోకి రాదు."

కుక్కరు విజిలు వేసిన చిలుకకి మార్కు ఇవ్వలేదు. విజిలు భాష కాదని అప్పటికప్పుడు తీర్మానం రాశాను.

మిగిలినవన్నీ ఎలాగో గట్టెక్కాక చిట్టచివరికి డి బ్లాకు ఐదువందల ఆరు నుంచి గుబ్బల సత్యవేణి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, ఒక్కర్తే ఉంటుంది. అంబులెన్సు కోసం జనం ఫోను చేస్తే, ఆ ఫోన్లు ఎత్తే కేంద్రంలో ఉద్యోగం. ఆమె దగ్గర బూడిదరంగు ఆఫ్రికా చిలుక ఉంది. ఎవరో కుటుంబం ఊరు మారుతూ, మాటలు రావని వదిలేసి వెళ్ళబోతే ఈవిడ తెచ్చుకుంది. నూకలు ఇష్టంగా తింటుందని నూకాలు అని పిలుస్తుంది.

నూకాలు టేబుల్ మీద నిలబడి కామేశ్వరి గారి వంక చూసింది. కామేశ్వరి గారు నూకాలు వంక చూశారు. ఐదు నిమిషాలు గడిచాయి. జామకాయ చూపించాం. పేరు పెట్టి పిలిచాం. కామేశ్వరి గారు ఒక పద్యం కూడా చదివారు. నూకాలు నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్ళి సత్యవేణి చెయ్యెక్కి, భుజం దాకా పాకి, ఆమె చెవి కింద తల పెట్టి కళ్ళు మూసుకుంది.

"సున్నా" అన్నారు కామేశ్వరి గారు. నేను రాశాను.

"అది మాటాడదండి. నేనూ నేర్పలేదండి. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు కదండీ?" అంది సత్యవేణి.

"ఇబ్బంది ప్రశ్న కాదమ్మా" అన్నారు రాజుగారు. "ఇబ్బంది లేకపోవడం అనేది అర్హత కింద ఎక్కడా పేర్కొనబడలేదు. అయినా సంఘం మానవతా దృక్పథంతో మూడు నెలల గడువు మంజూరు చేస్తోంది."

ఆ మూడు నెలల్లో సంఘం బాగా అభివృద్ధి చెందింది. ఇళ్ళలోని గుట్లు మళ్ళీ బయటపడకూడదని, చిలుకలు మాట్లాడదగిన ఐదు పదాల జాబితా ప్రకటించాం: నమస్కారం, స్వాగతం, ధన్యవాదాలు, ఏకగ్రీవం, ఆమోదం. రోజూ సాయంత్రం మూడు గంటల సేపు హాల్లో చిలుకలకి శిక్షణ. ఎదురుగా స్పీకరు పెట్టి రాజుగారి గొంతులో ఐదు పదాలూ తిప్పితిప్పి వినిపించేవాళ్ళం. నెల తిరిగేసరికి టవర్స్ అంతా బహిరంగ సభలా తయారైంది. పొద్దున్నే కిటికీ తీస్తే ఎదురు బ్లాకునుంచి "స్వాగతం" అనేది ఒకటి. పక్క బ్లాకులోంచి "ఏకగ్రీవం" అని అరిచేది ఇంకొకటి. పాలు తెచ్చేవాడు మెట్లెక్కుతుంటే నాలుగో అంతస్తు దాకా ఆమోదాలే.

మనుషులు మాత్రం సమావేశాలకి రావడం తగ్గించారు. వారానికి మూడు సమావేశాలంటే ఎవరికి కుదురుతుంది? కోరం లేక రెండుసార్లు వాయిదా పడ్డాక రాజుగారు మళ్ళీ అద్దాలు తుడుచుకున్నారు.

"సభ్యత్వం ఎవరి పేరు మీద ఉంది?"

"చిలుక పేరు మీదండి. యజమాని సంరక్షకుడు" అన్నాను రిజిస్టరు చూసి.

"అయితే అసలు సభ్యుడు హాజరైతే సంరక్షకుడితో పనేముంది?"

కాగితం ప్రకారం అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆ రోజునుంచి జనం పంజరం హాల్లో దింపి, తాళం చెవులు ఊపుకుంటూ సినిమాకి వెళ్ళేవారు. సమావేశాలు అరగంటలో ముగిసేవి. రాజుగారు తీర్మానం చదవగానే ఇరవై చిలుకలు "ఏకగ్రీవం, ఆమోదం" అని అరిచేవి. ఒకటి "ధన్యవాదాలు" కూడా చెప్పేది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత సహకరించే సభని చూడలేదని రాజుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

గడువు ముగిసిన ఆదివారం నూకాలు విషయం అజెండాలో మూడో అంశంగా వచ్చింది. హాల్లో మనుషులు నలుగురం. రాజుగారు, కామేశ్వరి గారు, నేను, సత్యవేణి. చుట్టూ పంజరాలు. సత్యవేణి ఉదయం డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు ఇంకా తియ్యలేదు.

"సభ్యులు నూకాలు ప్రగతి ఏమిటి?" అడిగారు రాజుగారు.

"ఏం లేదండి. నేను శిక్షణకి పంపలేదండి."

"కారణం రికార్డు చేయవలసి ఉంటుంది."

సత్యవేణి మెడలోని కార్డు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత చెప్పింది.

"రోజుకి ఎనిమిది గంటలు ఫోన్లెత్తుతానండి. నూటయాభై కాల్సు. అందరూ అరుస్తారు, ఏడుస్తారు, తిడతారు. వాళ్ళ తప్పు కాదు లెండి, ప్రాణం మీదకొస్తే ఎవరైనా అంతే. మొన్నొకాయన ఫోన్ చేశాడండి. వాళ్ళావిడకి గుండె ఆగిపోయింది. బండి వచ్చేదాకా ఛాతీ ఎలా నొక్కాలో నేను చెబుతున్నాను, ఆయన నాతోపాటు లెక్కపెడుతూ నొక్కుతున్నాడు. ఒకటి, రెండు, మూడు... పదకొండు నిమిషాలండి. ఎక్కడా ఆపలేదాయన. బండి వెళ్ళాక మా వాళ్ళు చూసి చెప్పారు, ఆవిడ ఎప్పుడో... ఆయనకి నేను చెప్పలేదు. లైన్ కట్టయిపోయింది. ఇంటికొచ్చాక నాకు ఎవ్వరి మాటా వినాలనిపించలేదండి. ఇది వచ్చి భుజం మీద కూర్చుంది. అంతే. అది నన్నేమీ అడగదండి. అందుకే నేర్పలేదు."

నేను పెన్ను పక్కన పెట్టాను. కామేశ్వరి గారు చీర కొంగుతో కళ్ళద్దుకుంటున్నారు. ఆ నిశ్శబ్దంలో మూలనున్న పంజరంలోంచి ఒక చిలుక "ధన్యవాదాలు" అంది. ఇంకొకటి "ఏకగ్రీవం" అంది. మరుక్షణం హాలంతా "ఆమోదం, ఆమోదం" అని మోగిపోయింది.

రాజుగారు గొంతు సవరించుకున్నారు. "సభ అభిప్రాయం సుస్పష్టం. వ్యక్తిగతంగా నాకు సానుభూతి ఉంది. కానీ సభకి నేను అతీతుణ్ణి కాను. భీమశంకరం గారూ, పత్రం తయారు చేయండి."

తయారు చేశాను. "డి బ్లాకు 506లో నివసించు నూకాలు అను పక్షి, సంఘ నిర్వచనము ప్రకారము చిలుక కాదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." సంతకం, తేదీ, గుండ్రటి స్టాంపు. చేతికిస్తుంటే ఆమె నా మొహంలోకి చూడలేదు. చూస్తుందేమోనని నేనే స్టాంపు ప్యాడు మూత సర్దుకున్నాను.

సభ్యత్వం పోయింది కనుక వారంలోగా పక్షిని తొలగించాలని మెయిన్ కమిటీ నోటీసు పంపింది. పెట్టే బేడా సర్దుకుని ఆమే వెళ్ళిపోతుందని కొందరన్నారు. పక్షిని ఎవరికైనా ఇచ్చేస్తుందని కొందరన్నారు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఇంట్లో నాతో మాట్లాడింది "రేపు రండి" ఒక్కటే.

ఏడో రోజున సత్యవేణి మెయిన్ కమిటీ ఆఫీసుకి వెళ్ళింది. సంఘం తరఫున నేనూ ఉన్నాను. ఆమె నోటీసు బల్లమీద పెట్టింది. పక్కనే నేనిచ్చిన పత్రం పెట్టింది.

"మీ నిషేధం ఏంటో ఒక్కసారి చదవండి" అంది కమిటీ మేనేజరుతో.

ఆయన చదివాడు. "అన్ని రకాల కుక్కలు, పిల్లులు, మరియు సంఘ సభ్యత్వం లేని చిలుకలు."

"నాది కుక్కా?"

"కాదండి."

"పిల్లా?"

"కాదండి."

"చిలకా?"

మేనేజరు నా పత్రం తీసి రెండువైపులా తిప్పి చూశాడు. స్టాంపు మీద వేలు పెట్టి గీకాడు. సిరా రాలేదు. నా స్టాంపు ఎప్పుడూ అలికిపోదు.

"కాదని వీరే రాసిచ్చారండి" అన్నాడు నావైపు చూసి, ఏదైనా అనమన్నట్టు. నా సంతకం నాకు తెలుసు. నోటీసు రద్దయింది. కోళ్ళ మీద కూడా నిషేధం ఎప్పుడూ లేదని రత్నాజీ గారికి ఆ రోజే తెలిసింది. అప్పటికే ఆయన కోడిని కూర వండేశారు.

ఈ వార్త లిఫ్టులో పైకీ కిందకీ రెండుసార్లు తిరిగేసరికి టవర్స్ అంతా పాకింది. చిలుక కాని పక్షికి సమావేశాలు లేవు, శిక్షణ లేదు, పరీక్ష లేదు, పూచీ లేదు. మర్నాటికి నా తలుపు ముందు వరస. మా పక్షి కూడా చిలుక కాదని పత్రం కావాలి. అధ్యక్షుడిదీ నాదీ తప్ప మిగిలిన పంతొమ్మిది కుటుంబాలూ దరఖాస్తు పెట్టుకున్నాయి. మా ఆవిడ కూడా ఫారం అడిగింది. ఉత్తీర్ణమైనట్టు భావించబడిన పక్షి ఫెయిలవడానికి వీల్లేదని చెప్పాల్సివచ్చింది.

రాజుగారు అద్దాలు చాలాసేపు తుడుచుకున్నారు. చివరికి మళ్ళీ పరీక్ష పెట్టమన్నారు. ఈసారి ఐదు పదాలు పలకనివాటికే పత్రం.

పరీక్షకి పది రోజుల ముందునుంచీ టవర్స్‌లో చిలుకలకి మౌనం నేర్పడం మొదలైంది. నేర్పడమంటే ఏముంది, అది నోరు తెరిచినప్పుడల్లా అరవడమే. పరీక్షనాడు హాలు కిక్కిరిసింది. సంఘం చరిత్రలో మనుషులు అంతమంది వచ్చింది ఆ ఒక్కరోజే. పంజరాల ముందు మోకరిల్లి బతిమాలుతున్నవాళ్ళున్నారు. మొదటి చిలుక వచ్చింది. యజమాని పెదవుల మీద వేలు పెట్టి "ష్" అన్నాడు. చిలుక కూడా "ష్" అంది.

"ష్ అవ్యయమే. ఒక మార్కు" అన్నారు కామేశ్వరి గారు నిర్దాక్షిణ్యంగా. దాంతో హడలిపోయి చిలుక నమస్కారం నుంచి ఆమోదం దాకా వరసగా ఒప్పజెప్పింది.

రెండోది వస్తూనే "స్వాగతం" అంది. నాలుగోది ఆరు పదాలు పలికింది, కోడలి గొంతుతో ఒకటి అదనం. ఏడో చిలుక నిజంగానే రెండు నిమిషాలు నోరు విప్పలేదు. యజమానురాలు చేతులు జోడించి, కళ్ళు మూసుకుంది. నేను పత్రం మీద పేరు రాయడం మొదలుపెట్టాను కూడా. అప్పుడు ఆ చిలుక ఒళ్ళు దులుపుకుని, ఆమె గొంతుతోనే గుక్కతిప్పుకోకుండా అంది:

"నోర్ముయ్. ఇంకొక్క మాట మాట్లాడావంటే చంపేస్తా. వెధవ సంఘం, వెధవ రాజు."

"తొమ్మిది. డిస్టింక్షన్" అన్నారు కామేశ్వరి గారు.

పంతొమ్మిదింటిలో ఒక్కటీ ఫెయిలవలేదు. ఆ సాయంత్రం జనం పంజరాలు మోసుకుంటూ ఇళ్ళకి వెళ్తుంటే బారసాలలో భోజనం పెట్టకుండా పంపిన చుట్టాల్లా ఉన్నారు.

ఈ అశాంతికంతటికీ మూలం నూకాలు స్వేచ్ఛగా తిరగడమేనని రాజుగారు తేల్చారు. "ఒక పక్షి మన పరిధికి వెలుపల ఉండటంవల్ల మిగిలిన పక్షుల మనోస్థైర్యం దెబ్బతింటోంది. నిర్వచనాన్ని సవరించాలి" అంటూ తానే స్వయంగా రాసుకొచ్చారు: "మౌనముగా నుండు పక్షిని, మాట్లాడగలిగియు మాట్లాడుటకు నిరాకరించిన చిలుకగా భావించవలెను. ఈ సవరణ పూర్వకాలమునుండి వర్తించును." హాల్లో చిలుకలు ఏకగ్రీవంగా ఆమోదించాయి. దీని ప్రకారం నూకాలు మొదటినుంచీ చిలుకే. పాత పత్రం రద్దు. ఇకమీదట రోజూ మూడు గంటలు శిక్షణ, వారానికి మూడు సమావేశాలు. నోటీసు మీద సత్యవేణి సంతకం ఒక్కటి పడితే చాలు, అన్నీ అమల్లోకి వస్తాయి. దాన్ని అందజేసే బాధ్యత కార్యదర్శిది.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి డి బ్లాకు ఐదువందల ఆరు తలుపు కొట్టాను. సత్యవేణి తీసింది. చెవి మీద హెడ్‌ఫోను నొక్కుకుపోయిన ఎర్రటి గుర్తు. నా చేతిలో కాగితం చూసి కూడా, "రండి భీమశంకరం గారూ, కూర్చోండి. టీ పెడతాను" అంది.

లోపల పంజరం లేదు. నూకాలు కుర్చీ వీపు మీద నిలబడి ఉంది. నన్ను చూసి కాస్త పక్కకి జరిగింది. నేను నోటీసు టీపాయ్ మీద పెట్టి కూర్చున్నాను. సత్యవేణి టీ తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. నోటీసు వంక చూసింది గాని చేత్తో ముట్టలేదు.

"సంతకమా అండీ?"

"అవునమ్మా. చిలుకేనని..."

"మొన్న కాదన్నారు కదండీ?"

"మొన్న కాదండి. ఇవాళ అవునండి. మొన్న కూడా అవునే అని ఇవాళ తీర్మానించామండి."

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. అలిసిపోయిన మనిషి. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. నూకాలు కుర్చీ దిగి, టీపాయ్ ఎక్కి, నోటీసు చుట్టూ ఒకసారి నడిచింది. తర్వాత కాగితం అంచు ముక్కుతో పట్టుకుని సన్నగా, వరసగా చింపడం మొదలుపెట్టింది. ముప్పై నాలుగేళ్ళలో నా బల్లమీది కాగితం మీద ఈగ వాలినా తోలినవాణ్ణి. చెయ్యెత్తాను కూడా. ఎత్తిన చేత్తో టీ గ్లాసు అందుకున్నాను.

నూకాలు ముందు నా సంతకం తిన్నది. తర్వాత స్టాంపు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎవరూ స్వాగతం చెప్పలేదు, ఎవరూ రేపు రమ్మనలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లేచి చూసేసరికి గ్లాసులో టీ చల్లారి ఉంది, ఐదు కావస్తోంది. సత్యవేణి నిద్రపోయింది. నూకాలు ఆమె భుజం మీదికి చేరింది. తలుపు చప్పుడు కాకుండా దగ్గరకి వేసి వచ్చేశాను.

"అందజేశారా?" అడిగారు రాజుగారు.

రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, రాసింది ఆయన ముందు పెట్టాను. "ఇంటికి తాళము వేసియున్నది. పార్టీ లేరు. నోటీసు అందజేయుట వీలుపడలేదు."

రాజుగారు చదివి, సంతృప్తిగా తల ఊపి, పక్కన చిన్న సంతకం చేశారు. "మళ్ళీ వచ్చే ఆదివారం ప్రయత్నించండి."

మరుసటి ఆదివారం కొత్త నోటీసు తీసుకుని వెళ్ళాను. ఆ పైవారం కూడా. ఇప్పటికి పధ్నాలుగు ఆదివారాలయింది. ఆమె టీ ఇస్తుంది, నూకాలు నోటీసు తింటుంది, రెండు గంటలు అలా కూర్చుని వస్తాను. వెళ్ళిన ప్రతిసారీ ఇంటికి తాళమే.